ముందు నన్ను తియ్యి

జనవరి 9

ఆఫీసు వాళ్ళు ఈ ఏడు కూడా మా అమ్మాయి పేరు మీద డైరీ పంపారు. ప్రతి ఏడూ పంపుతారు. అమ్మాయి ఊళ్ళు పట్టుకుని తిరిగేది కాబట్టి మా ఇంటి అడ్రసే ఇచ్చింది. మనిషి పోయింది పోయిన వానాకాలంలో. లిస్టులోంచి పేరు తియ్యడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పోస్టుమాన్ సంతకం పెట్టమంటే పెట్టాను.

వాపసు పంపేద్దామా అన్నారు మా ఆయన. కవరు చింపేశాక వాపసేమిటి. అట్ట గట్టిగా ఉంది, మధ్యలో ఎర్ర రిబ్బను కూడా ఉంది. అది ఉన్నప్పుడు వచ్చిన డైరీ వచ్చినట్టు నా చేతిలోనే పెట్టేది, అమ్మా కొలతలు రాసుకో అని. నడుం ఇంత, కింద మడత ఇంత, జిప్పు మార్చాలి. నాకు తెలిసిన రాత అంతే. ఐదో క్లాసుతో బడి మాన్పించారు.

ఈ ఏడు కొలతలు చీటీల మీద రాస్తున్నాను. ఇందులో ఇంకేదన్నా రాద్దామనిపించింది. ఎవరో చదవాలని కాదు. నోట్లో తిరుగుతున్న మాటని ఎక్కడో ఒకచోట దించాలి కదా.

జనవరి 11

జిప్పులు మార్చాను. ఒక కోటుకి లైనింగు వేశాను. అంతే.

జనవరి 17

ఇవాళ పిచ్చుక కోటు తీశాను.

పిచ్చుక అంటే మా అమ్మాయే. ఒకచోట వాలి కూర్చోదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. పెద్దయినా ఆ గుణం పోలేదు. పేపరు ఆఫీసులో ఫోటోలు తీసే ఉద్యోగం చూసుకుంది. గొడవలున్న చోట్లకి, కరువు చోట్లకి, జనం ఇళ్ళు వదిలేసి గుడారాల్లో ఉండే చోట్లకి పోయేది. పోయి తీసేది మాత్రం ఎవరు ఏం వండుకుంటున్నారు, ఎవరు ఎవరికి తల దువ్వుతున్నారు, అవి. తల దువ్వుకోవడం చూడ్డానికి అంత దూరం పోవాలా, ఇక్కడ నేను దువ్వుకోవడం లేదా అనేదాన్ని. నీ తల ఎవడిక్కావాలే, కర్ఫ్యూలో దువ్వుకో అప్పుడొస్తాను అనేది.

బాంబు తగిలి పోలేదు. తూటా తగలలేదు. వానలో కొండ దారిలో జీపు జారి లోయలో పడింది. డ్రైవరు బతికాడు. ఎవరన్నా అడిగితే మా ఆయన రెండే మాటలు చెబుతారు, జీపు జారింది అని. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇంకేం అడిగినా లేచి బయటికి వెళ్ళిపోతారు.

కోటు సంగతి కదా. చేతుల్లేని కోటు, ఒంటినిండా జేబులు. నేనే కుట్టాను. లెన్సుకొక జేబు, కార్డులకొక జేబు, లోపలివైపు ఎవరికీ కనబడకుండా పాస్‌పోర్టుకొక జేబు. ఆఫీసు వాళ్ళు సామానుతో పాటు పంపిన దగ్గర్నుంచి సంచిలోనే ఉంది. ఇవాళ ధైర్యం చేసి విప్పాను. జేబులు తడిమాను. ఎడమ పక్క కింది జేబు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆ కుట్టు నాది కాదు.

నేను కుట్టింది నల్ల దారం. అక్కడ ముదురు నీలం ఉంది. మెషిన్ కుట్టు కాదు, చేతి కుట్టు, చీమల బారులా దగ్గర దగ్గరగా ఉంది. ముడి ఎక్కడుందో కనబడకుండా మడతలోకి తోసేశారు. పని తెలిసిన చెయ్యే. దూరదేశంలో ఎవరో నా కూతురి కోటు చిరిగితే కుట్టిపెట్టారు. మొదట ఒళ్ళు మండింది, నేను చెయ్యాల్సిన పని ఇంకొకరు చేశారని. తర్వాత చాలాసేపు ఆ కుట్టు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

జనవరి 24

దాని ఆఫీసునుంచి ఫోను. ఫోటోలు భద్రం చేసే పిల్ల మాట్లాడింది. కొత్తగా చేరిందట, గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. పిచ్చుక తీసిన ఫోటోలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారట. మొదటి పేజీలో వేయడానికి దాని ఫోటో ఒకటి కావాలంది. ఆఫీసులో ఐడీ కార్డుది తప్ప ఇంకేదీ లేదట. మీ దగ్గర బోలెడుంటాయి కదమ్మా అంది. ఉంటాయమ్మా అన్నాను.

మా ఇద్దరికీ రోజంతా వెతుకుడే సరిపోయింది. బడిలో తీసిన గ్రూపు ఫోటో ఉంది, అందులో శనగగింజంత ఉంది. కెమెరా కొన్న దగ్గర్నుంచి ఒక్కటి లేదు. పెళ్ళిళ్ళ ఆల్బంలో చుట్టాలందరం ఉన్నాం. అది లేదు. తీసేది అదే కదా. ఒక ఫోటోలో మా కాళ్ళ మీద పొడుగ్గా నీడ పడింది. ఇదుగో ఇదే పిచ్చుక అన్నారు ఆయన.

ఇంకో మాట. ఇది ఎవరితోనూ అనలేను. దాని మొహం నాకు అందడం లేదు. కళ్ళు మూసుకుంటే ఐడీ కార్డు మొహం వస్తోంది. కార్డులో మనిషి కదలదు. నవ్వదు. నవ్వేటప్పుడు దానికి ఒక కన్ను ముందు చిన్నదయ్యేది, తర్వాత రెండోది. ఏ కన్ను ముందు? కన్నదాన్ని, నాకు తెలియాలి కదా. ఆయన్ని అడిగాను. ఎడమ అన్నారు. కాసేపాగి, కాదు కుడి అన్నారు. తర్వాత దాని బూట్లు దుమ్ముపట్టాయని గుడ్డ తీసుకుని కూర్చున్నారు. నిన్ననే తుడిచారు ఆ బూట్లు.

జనవరి 30

బజార్లో ఫోటో స్టూడియో ఆయన ఐడీ కార్డు ఫోటోని పెద్దది చేసి గోడకి పెట్టుకునేలా ఇస్తానన్నాడు. ఇవాళ వెళ్ళి తెచ్చుకున్నాను. తల దానిదే. ఒళ్ళు ఎవరిదో. నా కూతురికి బూడిదరంగు కోటు తొడిగి, మెడలో స్కార్ఫు వేసి, వెనకాల గులాబీ తోట పెట్టాడు. పిచ్చుక పుట్టి బుద్ధెరిగి గులాబీ పక్కన నిలబడలేదు.

ఆ కోటు ఎవరిది నాయనా అంటే, కంప్యూటర్లో ఉంటుందమ్మా, అందరికీ అదే వేస్తాను, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా సరిపోతుంది అన్నాడు. సరిపోవడమేమిటి, ఎడమ భుజం జారుతోంది, కాలరు మెడకి అంటడం లేదు అన్నాను. ఫోటోకి ఆల్టరేషన్ కావాలంటే నీ షాపుకే తీసుకుపో అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అది పోయాక ఇంత గట్టిగా నవ్వడం ఇదే.

ఇంటికి తెచ్చి ఆయనకి చూపించాను. తిప్పి తిప్పి చూసి, ఎవరీ ఆఫీసరు గారు అన్నారు.

బీరువా వెనక పెట్టాం.

ఫిబ్రవరి 6

బడి డ్రెస్సుల సీజను మొదలైంది. ఇవాళ ఒక పాప వచ్చింది, వాళ్ళమ్మ కొంగు వదలదు. నా చేతిలో టేపు చూసి పామును చూసినట్టు వెనక్కి పోయింది. వాళ్ళమ్మ ఒకటే తిట్లు, ఇంత పిరికిదానివి బడికేం పోతావే అని.

నేనెప్పుడూ చేసేదే చేశాను. టేపు పాప చేతికిచ్చి, నేను నేల మీద కూర్చుని, ముందు నువ్వు నన్ను కొలువు అన్నాను. కాసేపు నమ్మలేదు. తర్వాత నా ముక్కు కొలిచింది. తొంభై అంది. చెవి కొలిచి అదీ తొంభై అంది. నా తల చుట్టూ టేపు చుట్టి నీకు టోపీ పట్టదు అంది. వాళ్ళమ్మ తిట్టడం మరిచిపోయి నవ్వింది. అప్పుడు టేపు తీసుకుని చేతులు చాపమంటే బొమ్మలా నిలబడింది.

ముప్ఫై ఏళ్ళ బట్టీ ఇదే పద్ధతి. పిచ్చుక చిన్నప్పుడు కటింగు టేబులు కింద కూర్చుని గుడ్డముక్కలు ఏరుకుంటూ ఇదంతా చూసేది.

ఫిబ్రవరి 12

ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఆయన రానన్నారు. బస్టాపు దాకా వచ్చి, బస్సు డ్రైవరుకి నన్ను ఎక్కడ దింపాలో చెప్పి వెళ్ళిపోయారు.

ఫోటోల పిల్ల గేటు దగ్గరికే వచ్చింది. సన్నగా ఉంది, కళ్ళజోడు మాటిమాటికీ జారుతుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పెద్ద స్క్రీను మీద ఒక్కొక్కటే చూపించింది. పుస్తకంలోకి వెళ్ళేవట అవి.

ఒక ఇంటికి గోడ లేదు. లోపల ఒకావిడ అద్దాన్ని కుర్చీకి ఆనించి తల దువ్వుకుంటోంది. నడివీధిలో ఎండలో ఒకాయన క్షవరం చేస్తున్నాడు, వెనకాల మేడకి తూటాల బెజ్జాలు. ముళ్ళకంచె మీద పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి, చిరగకుండా ఎంతో జాగ్రత్తగా వేశారు. ఒక సైనికుడు తుపాకీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు. దారం మరీ పొడుగు తీసుకున్నాడు, చిక్కు పడుతుంది. పైకే అన్నాను. పిల్ల నవ్వింది.

అన్ని మొహాల్లోనూ ఒకటి కనబడింది. అందరూ అప్పుడే నవ్వి ఆపినట్టున్నారు. నవ్వు పోయింది, చెమ్మ ఉండిపోయింది. ఆఫీసు పెద్ద సారు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. తుపాకీ పక్కన కూడా మనుషులు ఇట్లా ఎట్లా నిలబడేవాళ్ళో మాకెవరికీ అర్థం కాలేదమ్మా, వేరేవాళ్ళు పోతే మొహం చాటేసేవాళ్ళు అన్నారు. అడిగితే మీ అమ్మాయి చెప్పేది కాదు, మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను అని తప్పించుకునేది అన్నారు. నాకు ఫోటోలేం తెలుసు సారూ, నన్ను అడ్డం పెట్టుకుని ఉంటుంది అన్నాను.

వచ్చేటప్పుడు పిల్ల ఇంకోటి అడిగింది. ఆఫీసు కొత్త బిల్డింగుకి మారుతోందట. పాత కంప్యూటర్లు ఖాళీ చెయ్యాలి. పిచ్చుక ఫోటోలతో పాటు చెత్త అని ఒక ఫోల్డరు ఉందట. ఎక్కడికి పోయినా మొదట తీసిన ఫోటో చెడిపోయేదట, వంకరగా, మసగ్గా, వేలు అడ్డం పడి. కెమెరా సరిచేసుకునేటప్పుడు పడినవట. ఇంతకుముందు పనిచేసినాయన చెత్త అని పేరు పెట్టి అందులో పడేసేవాడు. ఇంటివాళ్ళని అడక్కుండా తియ్యకూడదని పెద్ద సారు అన్నారు, తీసెయ్యమంటారా అమ్మా అని అడిగింది.

చెత్త దాచుకోవడమెందుకమ్మా, తీసెయ్యి అన్నాను.

ఫిబ్రవరి 13

నేను చెప్పింది సరైనదే. పని తెలిసినవాళ్ళ చెడిన కుట్టు పదిమంది చూడకూడదు. దాని పేరు నిలబడాలి. నేనూ ప్రతి శనివారం కటింగు ముక్కలన్నీ ఊడ్చి పారేస్తాను.

ఫిబ్రవరి 20

పొద్దున షాపు తీస్తుంటే ఒక మనిషి చేతికర్రతో రోడ్డుకి అవతలి పక్క నిలబడి ఉన్నాడు. చాలాసేపు రోడ్డు దాటలేదు. బళ్ళకి భయపడుతున్నాడేమో అనుకుని నేనే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అక్కా నేను డ్రైవర్ని అన్నాడు. ఏ డ్రైవరు అనబోయి ఆగాను.

ఆ జీపు తోలింది ఇతనే. ఆఫీసు డ్రైవరు, పిచ్చుక ఎక్కడికి పోయినా వెంట పోయేవాడు. కాలికి రాడ్లు వేశారట. ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. నడవగలిగిన మొదటి వారం మా ఇంటికి వచ్చాడు.

లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చాను. కప్పు పట్టుకున్నాడు గానీ తాగడు. ఆయన దాని బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. తిడతారేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఇదీ, రోడ్డు వెడల్పు ఎంత అని. తర్వాత, మలుపు ఎడమకా కుడికా అన్నారు. ఏ గేరులో ఉన్నావు, టైర్లు ఎప్పటివి, లోయ ఏ పక్క, మట్టి జారింది పైనుంచా కిందనుంచా అన్నారు. అతను ఒక్కొక్కదానికీ తల దించుకుని జవాబు చెప్పాడు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆయన ఒళ్ళో ఉన్న బూటుని స్టీరింగులా అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

నేనైనా అటే తిప్పేవాణ్ణి అన్నారు చివరికి.

అతను కప్పు కింద పెట్టి మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఆయన లేచి వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి టీ మళ్ళీ పెట్టాను. గిన్నె పగిలేట్టు కలిపాను.

తర్వాత మామూలు మాటల్లో పడ్డాం. పిచ్చుక ఎట్లా ఉండేదో చెప్పాడు. బండి ఎక్కితే నిద్రట, నోరు తెరుచుకుని. దిగితే మనిషి దొరకదట. అతన్ని కూడా తమ్ముడూ అనేదట, ఇతనికి దానికన్నా పదేళ్ళు ఎక్కువ. గోడకి తగిలించిన కోటు చూశాడు. లేచి వెళ్ళి సరిగ్గా ఆ నీలం కుట్టు మీద వేలు పెట్టాడు. ఇది గుడారాల ముసలావిడ కుట్టిందక్కా అన్నాడు. కంచె దాటుతుంటే జేబు చిరిగితే ఆవిడ కేకేసిందట, ఇట్లా చిరుగులతో తిరిగితే మీ అమ్మకి చెడ్డ పేరు రాదా అని. కోటు విప్పించుకుని ఒళ్ళో పెట్టుకుని కుట్టిందట.

ఆవిడ ఫోటో పుస్తకంలో ఉందా అని అడిగాను. ఉండే ఉంటుంది అక్కా, ఆవిడ తీసినదీ ఉంటుంది చూడు అన్నాడు.

ఆవిడ తియ్యడమేమిటి అన్నాను.

అప్పుడు చెప్పాడు. మీకు తెలియదా అన్నట్టు చూస్తూ చెప్పాడు. పిచ్చుక ఎవరినైనా తీసే ముందు కెమెరా తన మెడలోంచి తీసి వాళ్ళ మెడలో వేసేదట. ముందు నన్ను తియ్యి అనేదట. పిల్లలైనా, ముసలివాళ్ళయినా, తుపాకీ ఉన్నవాడైనా. వాళ్ళు కంగారుపడి ఎక్కడో నొక్కేవాళ్ళట. అదేమో నాలుక బయటపెట్టి, కళ్ళు తిప్పి, కోతిలా నిలబడేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు పూర్తిగా ఆరకముందే కెమెరా తీసుకుని వాళ్ళని తీసేది. ప్రతి చోటా అంతే అక్కా, మొదటి ఫోటో ఎప్పుడూ వాళ్ళదే అన్నాడు. ఇదెక్కడ నేర్చావమ్మా అంటే, మా అమ్మ టేపు ముందు పిల్లల చేతికిస్తుంది, భయం పోతుంది అని చెప్పిందట.

మొదటి ఫోటో.

వంకరగా, మసగ్గా, వేలు అడ్డం పడి.

ఫిబ్రవరి 20, సాయంత్రం

ఆఫీసు ఫోను మోగడం లేదు. లైన్లు తీసేశారేమో. పిల్ల నంబరు స్విచ్చాఫ్. డ్రైవరు కర్ర పట్టుకుని కుంటుకుంటూ ఆఫీసు దాకా పోయి వచ్చాడు, తాళం వేసి ఉందట, రెండు రోజులు సెలవట. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నా నోటితో నేనే అన్నాను. తీసెయ్యమ్మా అన్నాను.

ఫిబ్రవరి 21

ఆదివారం. శనివారం ఊడ్చిన ముక్కలు చెత్తబుట్టలోంచి మళ్ళీ తీసి సంచిలో పెట్టాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

ఫిబ్రవరి 22

తాళం తీసేవాడికన్నా ముందే వెళ్ళాం. ఈసారి ఆయన కూడా వచ్చారు. బీరువాలు దించేవాళ్ళు, వైర్లు చుట్టేవాళ్ళు, అట్టపెట్టెలు. ఎవరిని అడగాలో తెలియలేదు. చెత్త ఏది నాయనా, చెత్త ఎక్కడ పెట్టారు అని అడుగుతుంటే, ఒకతను మా ఇద్దరికీ మున్సిపాలిటీ బండి చూపించాడు.

పిల్ల వచ్చింది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. చెత్త తీసేశావా అన్నాను. శుక్రవారం మొదలుపెట్టానమ్మా అంది. నాకు ఆ తర్వాత మాట వినబడలేదు. ఆయన నన్ను అట్టపెట్టె మీద కూర్చోబెట్టారు.

పాతవాటినుంచి వరసగా డిలీట్ చేస్తూ పోయిందట. చూడకుండానే. మధ్యలో చెయ్యి పొరపాటున నొక్కితే ఒకటి పెద్దదిగా తెరుచుకుందట. అందులో ఒకావిడ నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది. ఈవిడెవరబ్బా, అమ్మని అడిగి అప్పుడు తీద్దాం అని అక్కడితో ఆపేసిందట. ఈ పిల్ల పిచ్చుకని ఐడీ కార్డులో తప్ప ఎప్పుడూ చూడలేదు. పోల్చుకోలేదు.

తెరిచి చూపించింది. పిచ్చుకే.

పిల్లకి అంతా చెప్పాను. టేపు సంగతి కూడా చెప్పాను. వింటూ వింటూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చూసి ఉండాల్సింది నేను అంది. చెప్పింది నేను కదమ్మా అన్నాను. ఇద్దరం తప్పు నాదంటే నాదని కాసేపు పోట్లాడుకున్నాం. పెద్ద సారు వచ్చి, మీ ఇద్దరికీ చాలకపోతే నాక్కూడా కొంచెం ఇవ్వండి, ఇన్నేళ్ళు చూడనివాణ్ణి నేను అన్నారు.

మొదటి ఏళ్ళవి పోయాయి. మెషిన్లు చూసేవాడు వచ్చి ఏవేవో నొక్కి, పోయినవి రావు అన్నాడు. తర్వాతవన్నీ ఉన్నాయి.

ఒకటి మాత్రం ఇక్కడ రాసుకోవాలి. ఆఫీసు కెమెరా చేతికిచ్చిన రోజు అది నేరుగా షాపుకి వచ్చింది. నేను ప్యాంటు మడత విప్పుతున్నాను. కెమెరా నా మెడలో వేసి, అమ్మా ముందు నన్ను తియ్యి అంది. పని పాడవుతుందే అంటే వినలేదు. ఎక్కడో నొక్కాను. చూసి పగలబడి నవ్వింది, నీ బొటనవేలు భలే పడిందే అమ్మా అని. అంటే మొట్టమొదటిది నాది. అది పోయిన వాటిలో పోయింది.

ఫిబ్రవరి 25

పిల్ల అన్నీ ఒక చిన్న డబ్బాలో వేసి ఇచ్చింది, పక్కింటి కంప్యూటర్లో చూస్తున్నాం. రోజూ కొన్నే. ఒక్కసారే చూస్తే అయిపోతాయని ఆయన రేషను పెట్టారు.

పిల్లలు తీసినవాటిలో కిందనుంచి పడింది. గడ్డం, ముక్కు రంధ్రాలు, ఆకాశం. దాని ముక్కు రంధ్రాలు ఇంత పెద్దవా అని ఆయన ఆశ్చర్యపోయారు. మీ వైపు పోలికే అన్నాను. క్షవరం చేసేవాడు తీసినదాంట్లో మొహం లేదు, జుట్టు మాత్రమే ఉంది, అతనికి కనబడేది అదే కదా. సైనికుడు కాళ్ళు తీశాడు. పశువుల కాపరి తీసినదాంట్లో ఒక చెవి, వెనకాల మేక మొహం మాత్రం తేటగా ఉంది. ఒక్కదాంట్లోనూ మనిషి పూర్తిగా లేదు.

గుడారాల ముసలావిడది దొరికింది. అందులో పిచ్చుక ఒంటి మీద కోటు లేదు. చొక్కా చేతులు మడిచి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. కింద మూల కోటు కొంచెం, అందులో గుచ్చిన సూది, నీలం దారం. నుదురు పైన తెగిపోయింది. మిగతాదంతా ఉంది. అప్పుడే నవ్వు మొదలవుతోంది.

ఎడమ కన్ను. ముందు చిన్నదయ్యేది ఎడమ కన్ను.

నేను మొదటే చెప్పాను కదా అన్నారు ఆయన.

మార్చి 9

పెద్ద సారు ఫోను చేశారు. పుస్తకం మొదటి పేజీకి వీటిలో ఏది వెయ్యాలో తెలియడం లేదట. మొహం పూర్తిగా ఉన్నది ఒక్కటి చెప్పండమ్మా అన్నారు. లేదు సారూ అన్నాను. అయితే ఐడీ కార్డుదే వేద్దామా, చదివేవాళ్ళకి మొహం ఉండాలి కదా అన్నారు. వాళ్ళకి మొహం కావాలి, నాకు పిచ్చుక కావాలి అన్నాను.

ముక్కలున్నాయి కదా సారూ, కలిపి కుడదాం అన్నాను. పుస్తకం బొంత కాదమ్మా అన్నారు, మెల్లగానే. బొంత కప్పుకోనివాళ్ళే ఆ మాట అంటారు, ఆదివారం మా ఇంటికి రండి అన్నాను.

మార్చి 14

పిల్ల ప్రింట్లు తెచ్చింది. కటింగు టేబులు ఖాళీ చేశాను. ముక్కలు పేర్చడం మొదలుపెట్టాను. ఒక్కదానికీ కత్తెర పెట్టలేదు. ఒకదాని మీద ఒకటి ఎక్కించి జరుపుకుంటూ పోయాను. పిల్లలు తీసిన గడ్డం కింద, కాపరి తీసిన చెవి పక్కన. నాలుక పెట్టింది ఎక్కడ వెయ్యాలో పెద్ద చర్చ. నోరున్న చోటే వెయ్యి అన్నారు ఆయన. జుట్టు క్షవరం ఆయనది. కాళ్ళు సైనికుడివి, కింద. మా ఆయన దాని బూట్లు తెచ్చి ఫోటోలో ఉన్నవి ఇవేనా అని పక్కన పెట్టి చూసుకున్నారు. డ్రైవరు కుర్చీలో కూర్చుని, ఇది ఫలానా వంతెన దగ్గర, ఇది నీళ్ళ టాంకరు దగ్గర అని చెబుతూ ఉన్నాడు. మేక ఉండాలా వద్దా అంటే ఉండాలి అన్నాం అందరం.

మధ్యలో ఒక ముక్కంత ఖాళీ వదిలాను. పిల్ల చూసి, అమ్మా ఇక్కడ ఒకటి పడుతుంది అంది. వద్దు, అది నాది అన్నాను. పిల్లకి అర్థమైంది.

పెద్ద సారు వచ్చి స్టూలెక్కి పైనుంచి చూశారు. చూస్తూనే ఉన్నారు. స్టూలు కదులుతోంది దిగండి సారూ అంటే గానీ దిగలేదు. ఒక పేజీ చాలదమ్మా, రెండు పేజీలు కలిపి వెయ్యాలి అన్నారు.

మార్చి 21

ముసలావిడ తీసినది ఫ్రేము కట్టించి గోడకి పెట్టాం. వచ్చిన ప్రతి మనిషీ వంకరగా ఉందని సరిచేస్తున్నారు. ఫ్రేము తిన్నగానే ఉంది. ఫోటోయే వంకర. చెప్పడం మానేశాను, సరిచెయ్యనిస్తున్నాను. ఆ వంకన దాని దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నారు కదా.

మార్చి 22

ఆయన బూట్లు తుడవలేదు ఇవాళ. డ్రైవరు కాలికి సరిపోతాయేమో చూస్తున్నారు. సరిపోవు. అయినా చూస్తున్నారు.

ఏప్రిల్ 19

ఫోటోల పిల్ల వచ్చింది. పుస్తకం చివర నా ఫోటో కావాలట. మెషిన్ దగ్గర నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కెమెరా కన్ను చూస్తే ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

కెమెరా ఇటివ్వు, ముందు నిన్ను తీస్తాను అన్నాను.

పిల్ల తల సగం తెగింది. నా బొటనవేలు పడింది. నవ్వు పడింది.

తర్వాత నేను నిలబడ్డాను.